ఫ్రీ ప్లాన్ చాలా, డబ్బులు కట్టాలా? పూతరేకుల వ్యాపారానికి సోషల్ మీడియా టూల్ గురించి సలహా కావాలి

పూతరేకు
అందరికీ నమస్కారం అండి. మాది ఆత్రేయపురం. ఇంటి దగ్గరే పూతరేకులు చుట్టి అమ్ముతాం. అత్తయ్యగారూ నేనూ, ఇంకా ఊళ్లో ఆడవాళ్లు కొందరు కలిసి చేస్తాం. బెల్లం, పంచదార, డ్రైఫ్రూట్ మూడు రకాలూ ఉంటాయి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీ, యూట్యూబ్ షార్ట్స్ ఉన్నాయి, వాట్సాప్ బిజినెస్ నంబరు ఒకటుంది. అన్నీ చూసేది నేనొక్కదాన్నే. పొద్దున అత్తయ్యగారు గుడ్డ పిండిలో ముంచి బోర్లించిన కుండ మీద లాగుతుంటే, ఆ రేకు పొరలా లేచే చోట వీడియో తీస్తాను, అదే జనానికి బాగా నచ్చుతుంది. కానీ ఆ టైములో పోస్టు చేయడం కుదరదు, సాయంత్రం పార్సిళ్లు కట్టి కొరియర్‌కి పంపేసరికి ఓపిక ఉండదు. అలా ఫోన్‌లో వీడియోలు ఉండిపోతున్నాయి, పేజీలో ఏమీ కనిపించడం లేదు.

ఈమధ్య ఒక కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. అన్ని చోట్లా ఒకేసారి పోస్టు చేసే టూల్ అంట, సంవత్సరానికి ఒకేసారి కడితే సగం ధరకే ఇస్తాం, ఈ వారంలోపు చెప్పండి అంటున్నారు. మావారు ఫ్రీగా దొరికే వాటితో బండి నడిపించమంటున్నారు. దసరా దగ్గర్నుంచి సంక్రాంతి దాకా మాకు ఆర్డర్ల కాలం, అందుకే ఇప్పుడే తేల్చుకోవాలి. వాడేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కాలవగట్టు
నమస్తే అండి, భీమవరంలో చిన్న చిన్న షాపుల పేజీలు చూసే పని నాది. టూల్ సంగతి తర్వాత, ముందు రెండు విషయాలు చెప్పండి. వారానికి ఎన్ని పోస్టులు పెడదామని మీ ఆలోచన? ఆర్డరు చివరికి ఎక్కడ ఖాయమవుతోంది? ఇన్‌స్టాలోనా, ఫోన్‌లోనా, వాట్సాప్‌లోనా?

పూతరేకు
మూడు నాలుగు పెట్టగలిగితే చాలండి. ఆర్డర్లు దాదాపు అన్నీ వాట్సాప్‌లోనే. రీల్ చూస్తారు, కింద "రేటెంతండీ", "హైదరాబాద్ పంపుతారా" అని అడుగుతారు, నంబరు ఇస్తే వాట్సాప్‌కి వస్తారు. అక్కడ అడ్రసు, డబ్బులు పంపిన స్క్రీన్‌షాట్, అన్నీ.

కాలవగట్టు
అయితే మీకు ఇప్పుడు పైసా కట్టాల్సిన పని లేదండి, ఎందుకో చెప్తాను.

ఇన్‌స్టాగ్రామ్‌కీ ఫేస్‌బుక్‌కీ మెటా వాళ్లదే మెటా బిజినెస్ సూట్ ఉంది, పూర్తిగా ఉచితం. ఫోన్‌లో యాప్ కూడా ఉంది. పోస్టు, స్టోరీ, రీల్ మూడూ ముందుగా షెడ్యూల్ చేసుకోవచ్చు. ప్లానర్ అని క్యాలెండర్ ఉంటుంది, ఏ రోజు ఏది వెళ్తుందో అందులో కనిపిస్తుంది. రెండు చోట్ల వచ్చే మెసేజ్‌లూ కామెంట్లూ ఒకే ఇన్‌బాక్స్‌లో చూడొచ్చు. యూట్యూబ్‌కి యూట్యూబ్ స్టూడియో ఉండనే ఉంది, వీడియో ఎక్కించేటప్పుడు పబ్లిక్ అని పెట్టకుండా షెడ్యూల్ ఎంచుకుని తేదీ, టైము ఇస్తే సరిపోతుంది. మీ మూడు చోట్లూ దీంతో అయిపోయినట్టే. ఆదివారం పూట కాస్త ఖాళీ చూసుకుని వారానికి సరిపడా ఎక్కించేసుకోండి.

అన్నీ ఒకే తెరమీద కావాలనుకుంటే బఫర్ అనే టూల్ ఉంది. దాని ఫ్రీ ప్లాన్‌లో మూడు ఛానెళ్లు, అంటే మీ ఇన్‌స్టా ఒకటి, ఫేస్‌బుక్ పేజీ ఒకటి, అలా. ఒక్కో ఛానెల్‌కి పది పోస్టులు. ఈ పది అనేదాన్ని చాలామంది నెలకి పది అనుకుని వదిలేస్తున్నారు. అది ఒక్కసారికి వరసలో ఉంచగలిగేవి. ఒకటి వెళ్లిపోగానే ఇంకోటి పెట్టుకోవచ్చు, కాబట్టి వారానికి నాలుగు పెట్టేవాళ్లకి ఆ హద్దు అడ్డమే రాదు.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి. బయటి కంపెనీ ఇచ్చే ఫ్రీ ప్లాన్‌ని ఎప్పుడైనా ఎత్తేయొచ్చు. హూట్‌సూట్ ఈ రంగంలో అందరికంటే పాత పేర్లలో ఒకటి, 2023 మార్చితో దాని ఫ్రీ ప్లాన్ ఆగిపోయింది. దాని మీదే ఆధారపడ్డ చిన్నవాళ్లు వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. అందుకే మీ వీడియోలు, కింద రాసే మాటలు ఎప్పుడూ మీ ఫోన్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో ఒక కాపీ ఉంచుకోండి. టూల్ మారినా సరుకు మీ దగ్గరే ఉంటుంది.

మొక్కలమనిషి
కడియం నుంచి రాస్తున్నాను. ఈ పెయిడ్ ప్లాన్ల పేజీ తెరిస్తే టిక్ మార్కులు ఎన్ని ఉన్నాయో చూసి మురిసిపోతాం గానీ, అందులో మనకి పనికొచ్చేవి ఎన్ని అని చూడాలి. టిక్‌టాక్ షెడ్యూలింగ్ అని గొప్పగా రాస్తారు, అది మన దేశంలో 2020 జూన్ నుంచి నిషేధంలో ఉంది. మాస్టడాన్, బ్లూస్కై అని ఇంకేవో సోషల్ మీడియా యాప్‌ల పేర్లు చెప్తారు, కొబ్బరి మొక్కలు కొనే రైతు అక్కడ ఉండడు. ఇవన్నీ ఆ ధరలో కలిసే ఉంటాయి.

మా నర్సరీకి ఎక్కువ మంది గూగుల్ మ్యాప్స్ చూసి వస్తారు. కడియపులంక రోడ్డెక్కి ఏ నర్సరీకి వెళ్లాలా అని ఫోన్‌లో వెతుకుతారు, ఫొటోలూ రివ్యూలూ చూసి బండి ఆపుతారు. అందుకని మ్యాప్స్‌లో మన షాపు వివరాలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో వారంవారం కొత్త ఫొటోలు పెడతాను, అదీ ఉచితమే. మొక్క పేరు, కవరు సైజు, ఎత్తు, రేటు, ఈ నాలుగూ ఉంటే చాలు ఫోన్ మోగుతుంది. పూతరేకు గారూ, ఆత్రేయపురం మీదుగా వెళ్లే టూరిస్టులు మీకూ ఉంటారు కదా, అది ముందు సరిచేసుకోండి.

కుట్టుదారం
అందరూ ఫ్రీ ఫ్రీ అంటున్నారు, నేను డబ్బులు కట్టే వాడతాను, ఇష్టపడే కడుతున్నాను. నరసాపురం లేసు ఎగుమతి చేసేవాళ్లకి పేజీలు చూస్తాను. కొనేవాళ్లు యూరప్‌లో, అమెరికాలో ఉంటారు. వాళ్లు ఫోన్ చూసే టైముకి మనం నిద్రలో ఉంటాం. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, పింటరెస్ట్, లింక్డ్‌ఇన్, యూట్యూబ్ ఐదూ నడవాలి. పింటరెస్ట్‌లో ఒక టేబుల్ క్లాత్ ఫొటో పెడితే ఎన్నో నెలల తర్వాత కూడా కొంటామని దాని మీద ఎంక్వైరీ వస్తుంది. ఏ ఫొటో నుంచి ఏ ఎంక్వైరీ వచ్చిందో లెక్క ఉండాలి, ఎందుకంటే ఆ డిజైన్ మళ్లీ అల్లించాలా వద్దా అనేది దాన్నిబట్టే తేలుతుంది. ఇన్‌స్టాగ్రామ్ యాప్‌లో ఖాతా మొత్తం లెక్కలు మరీ వెనక్కి వెళ్లి చూడటం కుదరదు, మాకేమో కిందటేడు క్రిస్మస్ ముందు ఏది ఆడిందో తెలియాలి.

ఇంకో కారణం కూడా ఉంది. నేను రాసింది యజమాని చూసి సరే అంటేనే బయటికి వెళ్లాలి. రేటు తప్పు పడినా, సైజు అంగుళాలకి బదులు సెంటీమీటర్లని పడినా విదేశీ కొనుగోలుదారు దగ్గర పరువు పోతుంది. ఈ అనుమతి పద్ధతి పెయిడ్ ప్లాన్‌లోనే దొరుకుతుంది. కాబట్టి డబ్బు దండగ అని అందరికీ ఒకే మాట చెప్పకండి. ఐదు చోట్లు, ఇద్దరు ముగ్గురు మనుషులు, పాత లెక్కల అవసరం ఉన్నవాళ్లకి అది ఖర్చు కాదు, పెట్టుబడి.

కాలవగట్టు
కుట్టుదారం గారూ, మీ విషయంలో నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. నేనూ నా క్లయింట్ల కోసం పెయిడే వాడుతున్నాను, ఇన్ని పేజీలు ఫ్రీలో తిప్పలేను. కానీ ఈవిడకి ఉన్నవి మూడే, చేసేది ఒక్కరే, రేటు చెప్పేదీ ఆవిడే. ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పద్దులపుస్తకం
తణుకులో అకౌంట్లు రాస్తాను, డబ్బు సంగతి నేను చెప్తాను. బయట రాసిన ధర ఒకటి, మీ కార్డులోంచి పోయేది ఇంకోటి.

బఫర్ లాంటివి ఛానెల్‌కి ఇంత అని తీసుకుంటాయి, చిన్న ప్లాన్ ఛానెల్‌కి నెలకి ఐదారు డాలర్లు. మూడు ఛానెళ్లు అంటే 15 డాలర్లు అనుకుందాం. లెక్క తేలిగ్గా ఉండడానికి డాలర్ 85 రూపాయలు వేస్తే 1,275. జీఎస్టీ నంబరు లేనివాళ్లకి విదేశీ కంపెనీ 18 శాతం జీఎస్టీ కలిపి బిల్లు వేస్తుంది, అంటే 1,500 దాటింది. దాని మీద చాలా కార్డులు 3.5 శాతం దాకా విదేశీ మారకం చార్జీ వేస్తాయి, ఆ చార్జీ మీద మళ్లీ జీఎస్టీ. అన్నీ కలిపితే 1,560 పైమాటే. ప్రకటనలో 5 డాలర్లు అని చూసి దిగినవాళ్లకి నెలాఖర్న స్టేట్‌మెంట్ చూశాక టెన్షన్ మొదలవుతుంది.

జీఎస్టీ నంబరు ఉంటే విదేశీ కంపెనీ పన్ను వేయదు, రివర్స్ చార్జ్ కింద, అంటే అమ్మినవాళ్లకి బదులు కొన్న మీరే ఆ పన్ను కట్టి, మామూలు స్కీములో ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ (కట్టిన పన్నుని మీరు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడం) తీసుకోవచ్చు. కాంపోజిషన్ స్కీములో, అంటే చిన్న వ్యాపారులు అమ్మకాల మీద ఇంత శాతం అని కట్టేసే పద్ధతిలో ఉన్నవాళ్లకి మాత్రం ఆ క్రెడిట్ రాదు, పన్ను కట్టాల్సిందే. మిఠాయి వ్యాపారుల్లో కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లూ ఉంటారు కాబట్టి ఇది చూసుకోండి.

ఇంకోటి, నెలనెలా కార్డులోంచి తనంతట తాను డబ్బు పోయే పద్ధతికి రిజర్వ్ బ్యాంక్ 2021 అక్టోబర్ నుంచి నిబంధనలు గట్టిగా అమలు చేస్తోంది. మొదటిసారి ఓటీపీతో ఒప్పుకోవాలి, ప్రతిసారీ డబ్బు పోవడానికి కనీసం ఒక రోజు ముందు మెసేజ్ రావాలి. అన్ని విదేశీ కంపెనీల పేమెంట్ వ్యవస్థా దీనికి కుదరదు, దాంతో చెల్లింపు ఫెయిలయి సరిగ్గా పండగ ముందు ప్లాన్ ఆగిపోయే ప్రమాదం ఉంటుంది. కట్టాలనే అనుకుంటే రూపాయల్లో బిల్లు వేసే మనదేశం కంపెనీ చూసుకోవడం సుఖం. జోహో సోషల్ అని ఇలాంటి టూలే ఒకటుంది, చెన్నై వాళ్లది, ఫ్రీ ప్లాన్ కూడా ఉంది, ముందు దాంతో చూసి తర్వాత పెంచుకోవచ్చు.

కొబ్బరాకు
మాది రాజోలు, రీల్స్ చేస్తాను. ఒక డౌట్ అన్నా. టూల్ నుంచి పెడితే రీచ్, అదే పోస్టు చూసేవాళ్ల సంఖ్య, తగ్గుతుందని మా ఫ్రెండ్స్ అందరూ అంటున్నారు, నిజమేనా? అక్కకి ఫ్రీ అయినా పెయిడ్ అయినా దానివల్ల నష్టం రాదా?

కాలవగట్టు
తమ్ముడూ, షెడ్యూల్ చేసినందుకు రీచ్ తగ్గదు. ఇన్‌స్టాగ్రామ్ వాళ్లే 2022 నవంబర్‌లో ప్రొఫెషనల్ ఖాతాలకి తమ యాప్‌లోనే షెడ్యూల్ సదుపాయం ఇచ్చారు. దానికి శిక్ష వేసేట్టయితే వాళ్లే ఎందుకిస్తారు? తేడా ఎక్కడొస్తుందంటే పాటల దగ్గర. బయటి టూల్ నుంచి రీల్ పంపితే ఇన్‌స్టాలో ఉన్న ట్రెండింగ్ పాట తగిలించడం కుదరదు, వీడియోలో ముందే కలిసి ఉన్న శబ్దమే వెళ్తుంది. ఆ పాటవల్ల వచ్చే చూపులు పోతాయి, జనం టూల్‌ని తిడతారు. అదీగాక బిజినెస్ ఖాతాకి సినిమా పాటలు చాలావరకు దొరకవు. పాట కావాల్సిన రీల్ అయితే యాప్‌లోనే పెట్టుకో.

అయినా పూతరేకు గారి వీడియోకి పాట దేనికండీ? వేడి కుండ మీద తడి గుడ్డ పడగానే వచ్చే ఆ చుయ్‌మనే శబ్దం ఉంచండి చాలు. దానికి కాపీరైట్ గొడవా ఉండదు, ఏ టూల్ నుంచైనా వెళ్తుంది.

పూతరేకు
ఇన్ని విషయాలు చెప్పినందుకు థాంక్స్ అండి అందరికీ. ఆ కంపెనీ అబ్బాయి ఇవాళ మళ్లీ చేశాడు. వాళ్ల టూల్‌తో ఫేస్‌బుక్ గ్రూపుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో కూడా దానంతట అదే పోస్టయిపోతుంది, ఫ్రీ వాటిలో అది రాదు అంటున్నాడు. మన జిల్లా గ్రూపుల్లో పెడితే నిజంగానే ఆర్డర్లు వస్తాయి, అందుకే మళ్లీ ఆలోచనలో పడ్డాను. ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డ్ ఇస్తే సెటప్ వాళ్లే చేస్తారంట.

కాలవగట్టు
పాస్‌వర్డ్ ఇవ్వకండి. దయచేసి ఇవ్వకండి. సరైన టూల్ ఏదీ పాస్‌వర్డ్ అడగదు. మీ ఫోన్‌లో ఇన్‌స్టాగ్రామ్ వాళ్లదో ఫేస్‌బుక్ వాళ్లదో పేజీ తెరుచుకుంటుంది, అక్కడ మీరే లాగిన్ అయి అనుమతి ఇస్తారు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేస్తారు. ఫోన్‌లో పాస్‌వర్డ్ అడిగినవాడితో మాట్లాడాల్సిన పనే లేదు.

గ్రూపుల సంగతి. బయటి టూల్స్ ఫేస్‌బుక్ గ్రూపుల్లో పోస్టు చేసే దారిని మెటా 2024 ఏప్రిల్‌లో మూసేసింది. సొంత ప్రొఫైల్‌లో పోస్టు చేసే దారి 2018లోనే పోయింది. పెయిడ్ అయినా ఫ్రీ అయినా అధికారికంగా పేజీకే వెళ్తుంది. వాట్సాప్‌లో మీరు మామూలుగా ఉండే గ్రూపులకి పోస్టు చేసే సదుపాయం ఇలాంటి ఏ టూల్‌కీ లేదు. ఎవరైనా చేస్తామంటే దొంగదారిన చేస్తున్నట్టే, అది పట్టుబడితే మీ నంబరు బ్యాన్ అవుతుంది. మీ ఆర్డర్లన్నీ ఆ నంబరు మీదే కదండీ, దసరాకి నాలుగు రోజుల ముందు ఆ నంబరు పోతే ఏం చేస్తారు? గ్రూపుల్లో చేత్తోనే పెట్టండి. వారానికి ఒక్కసారి, గ్రూపు రూల్స్ చూసి.

కుట్టుదారం
పెయిడ్ వాడమనే నేను కూడా ఈ కంపెనీ వద్దనే అంటాను. పాస్‌వర్డ్ మాట ఒక్కటి చాలు.

పంటుదారి
దిండి దగ్గర రిసార్టులో ఫ్రంట్ ఆఫీసు చూస్తాను. పోస్టుల గురించే అందరూ మాట్లాడుతున్నారు గానీ మాకు అసలు తలనొప్పి జవాబుల దగ్గర. సంక్రాంతి వచ్చిందంటే కోడిపందేలకీ ప్రభల తీర్థానికీ వచ్చేవాళ్లు గదుల కోసం నెల ముందు నుంచే మెసేజ్‌లు పెడతారు. ఇన్‌స్టాలో ఒకరు జవాబిస్తారు, అదే మనిషి ఫేస్‌బుక్‌లో కూడా అడిగితే ఇంకొకరు వేరే రేటు చెప్తారు, తర్వాత కౌంటర్ దగ్గర గొడవ. మేము పెయిడ్‌కి వెళ్లింది దీనికోసమే. ఈ మెసేజ్ ఫలానావాళ్లు చూస్తున్నారు అని కేటాయించుకోవచ్చు, ఎవరేం చెప్పారో అందరికీ కనిపిస్తుంది. పోస్టులు మాత్రం ఇప్పటికీ బిజినెస్ సూట్ నుంచే పెడుతున్నాం.

పూతరేకు అక్కా, మీరు ఒక్కరే కాబట్టి వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఉన్నవే గట్టిగా వాడండి. క్విక్ రిప్లైలు పెట్టుకుంటే స్లాష్ కొట్టి ఒక అక్షరం వేయగానే రేట్ల పట్టిక మొత్తం వచ్చేస్తుంది. క్యాటలాగ్‌లో మూడు రకాలూ ఫొటో, పెట్టెలో ఎన్ని, ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి అన్నీ పెట్టండి. లేబుళ్లు ఉంటాయి, డబ్బు రావాలి, పార్సిల్ పంపాలి, పంపేశాం అని. రాత్రిపూట వచ్చేవాళ్లకి పొద్దున జవాబిస్తాం అని దానంతట అదే వెళ్లే మెసేజ్ పెట్టుకోవచ్చు. అన్నీ ఉచితమే.

మొక్కలమనిషి
వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు మర్చిపోయారు, ఒకే మెసేజ్‌ని చాలామందికి ఒకేసారి విడివిడిగా పంపేది. ఒక లిస్టులో 256 మంది దాకా పెట్టొచ్చు. కాకపోతే మన నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే అందుతుంది. పార్సిల్ పెట్టె మీద "మా నంబరు సేవ్ చేసుకోండి, పండగ కబుర్లు పంపుతాం" అని ఒక చీటీ అంటించండి. కొత్తవాళ్ల కోసం రీల్స్, పాతవాళ్ల కోసం ఇది. ఒకసారి తిన్నవాళ్లే కదండీ మళ్లీ మళ్లీ కొనేది.

కొబ్బరాకు
మరి అక్క ఎప్పుడు పెయిడ్‌కి వెళ్లాలి? ఎప్పటికీ అక్కర్లేదా?

కాలవగట్టు
మంచి ప్రశ్న. ఆర్డర్లు పెరిగి, జవాబులిచ్చేందుకు ఇంకో మనిషిని పెట్టుకున్న రోజున చూడాలి. అప్పుడు కూడా పంటుదారి గారు చెప్పినట్టు ఇన్‌బాక్స్ కోసం చూడాలి గానీ షెడ్యూలింగ్ కోసం కాదు. పోస్టులు పెట్టడానికి మాత్రమే అయితే బిజినెస్ సూట్‌లోనే ఇంకొకరికి పేజీ పని అప్పగించొచ్చు, మన పాస్‌వర్డ్ వాళ్లకి తెలియక్కర్లేదు.

కుట్టుదారం
అప్పుడు కూడా నెలవారీగానే కట్టండి. సంవత్సరం ప్లాన్‌లో తగ్గింపు ఉంటుంది నిజమే, కానీ మీ వ్యాపారం దసరా నుంచి సంక్రాంతి దాకా ఉరకలేస్తుంది, మిగతా నెలల్లో నెమ్మదిస్తుంది. మధ్యలో ఆషాఢం సారెలు, పెళ్లిళ్లు. జోరున్న నెలలకే కట్టి తర్వాత ఫ్రీకి దిగిపోతే సంవత్సరం తగ్గింపు కంటే మీకే ఎక్కువ మిగలొచ్చు. దిగే ముందు ఫ్రీ హద్దు దాటిన పోస్టులు, లెక్కల రిపోర్టులు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

పద్దులపుస్తకం
ట్రయల్‌కి కార్డు అడిగితే ఆఖరి తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

పూతరేకు
ఆ కంపెనీకి వద్దని చెప్పేశానండి. మావారికి కూడా ఈ మాటలన్నీ చదివి వినిపించాను, ముఖ్యంగా పద్దులపుస్తకం గారి లెక్క. నిన్న రాత్రి బిజినెస్ సూట్ యాప్ వేసుకుని ఫోన్‌లో ఉండిపోయిన వీడియోల్లో కొన్ని వచ్చే వారానికి షెడ్యూల్ చేశాను, ఇన్‌స్టాగ్రామ్‌కి బాగానే అయింది. కానీ ఫేస్‌బుక్ పేజీ అందులో కనిపించడం లేదు. ఆ పేజీ మొదట్లో మా మరిదిగారి అబ్బాయి తన ఫేస్‌బుక్ నుంచి తెరిచాడు, ఇప్పుడు తను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఇన్నాళ్లూ ఇన్‌స్టాలో పెట్టింది లింకు కాపీ చేసి అక్కడ వేయమని తనకే పంపేదాన్ని. యూట్యూబ్ కూడా తన జీమెయిల్ మీదే ఉంది. కొత్త పేజీ తెరుచుకోవాలా?

కాలవగట్టు
కొత్తది వద్దు, ఉన్న ఫాలోయర్లు పోతారు. మీ మరిదిగారి అబ్బాయినే ఫేస్‌బుక్‌లో పేజీకి మారి, సెట్టింగ్స్‌లో పేజ్ యాక్సెస్ దగ్గర మీ పేరు చేర్చమనండి. చేర్చేటప్పుడు పూర్తి అధికారం అని అడిగే చోట తప్పకుండా ఆన్ చేయాలి, లేకపోతే మీకు పోస్టులు పెట్టే వీలే ఉంటుంది, పేజీ మీ చేతికి రాదు. మీకు నోటిఫికేషన్ వస్తుంది, ఒప్పుకోండి. తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌ని ఆ పేజీకి కలపండి, అప్పుడు బిజినెస్ సూట్‌లో రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. యూట్యూబ్‌కి స్టూడియో సెట్టింగ్స్‌లో పర్మిషన్స్ అని ఉంటుంది, అక్కడ మీ జీమెయిల్‌ని మేనేజర్‌గా చేర్చమనండి, ప్రస్తుతానికి అది చాలు. తను పండక్కి ఊరొచ్చేదాకా ఆగకండి, ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఇవాళే చేయించుకోండి. ఎక్కడైనా ఆగితే స్క్రీన్‌షాట్ ఇక్కడ పెట్టండి, ఫోన్ నంబర్లు, మెయిల్ కనిపించకుండా చెరిపి.